వదిన విప్పిన ముడి

వైశాఖ బహుళ చవితి. పొద్దున వాకిలి చిమ్మి, ఇన్ని రోజుల తరువాత మళ్లీ ముగ్గు వేశాను. నులకమంచం ఎండలో వేసి వేడినీళ్లతో కడిగాను. దుప్పట్లు ఉడకబెట్టి ఉతికి ఆరేశాను. తొట్టి నింపాను. పలకరింపుకు వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చాను. మా వదిన పోయింది. కర్మలు నిన్నటితో ముగిశాయి. పని అయిపోయాక చేతులు ఊరికే ఉండలేక ఇది రాస్తున్నాను.

ఆమె మా ఇంటాయనకు అక్క. బెల్లం వ్యాపారం చేసే భర్తతో సంతల వెంట తలమీద బరువుతో నడిచిన మనిషి. ఆయన పోయాక, పిల్లలు లేరు గనుక, చిత్తూరులో మా ఇంటికి వచ్చేసింది. వచ్చినప్పుడు ఆమె నడుముకు ఎడమవైపు తాడు వలలో ఒక ఎండిన సొరబుర్ర వేలాడుతూ ఉంది. నిండా నీళ్లు. కుడిచెయ్యి తలమీది మూటను పట్టుకుని ఉంటే, ఎడమచెయ్యి బిరడా తీసి బుర్రను నోటికి అందిస్తుంది. నడక ఆగదు. అంగడికి పోయినా, పెళ్లికి పోయినా ఆ బుర్ర ఉండాల్సిందే.

“వీధి చివరికి పోయేదానికి కూడా యాల వదినా అది?” అని ఒకసారి ఎగతాళి చేశాను.

“నా నడుముకు లేని బరువు నీ నోటికి యాల మ్మే?” అంది. తరువాత నిదానంగా చెప్పింది. “నీళ్లు మూటలో పెట్టుకుంటే ఇంట్లో మర్సిపోయి వచ్చినట్టే. మూట దింపేదానికి ఒకరు గావాల, ఎత్తేదానికి ఇంకొకరు గావాల. ఇంకొంచెం దూరం పోయి తాగుదాంలే అనుకుంటారు. ఆ ఇంకొంచెం దూరంలోనే మనిషి పడిపోతాడు.”

అవి యుద్ధం రోజులు. బస్సులు బొగ్గుపొగతో నడిచేవి, సగం దారిలో ఆగేవి. అయితే ఆ ఏడు మేము కొండకు నడిచింది బస్సు లేక కాదు, మొక్కు ఉండి. మా పాపకు విషజ్వరం వచ్చి తగ్గింది. బిడ్డ దక్కితే కొండకు నడిచి వచ్చి తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నాము. మా ఇంటివాళ్ల ఆచారం ఒకటి ఉంది. బిడ్డ పేరుతో బియ్యం, బెల్లం పసుపుగుడ్డలో పోసి ఇంటి మగవాడు ముడి వేస్తాడు. ఆ మూట కొండ మీదికి చేరేదాకా నేలను తాకకూడదు. ముడి విప్పకూడదు. రాత్రి నిద్రపోయేటప్పుడు కూడా చెట్టుకొమ్మకు కట్టి వేలాడదీస్తారు. ముడి విప్పితే, ఎవరి పేరుతో కట్టారో వాళ్లకే కీడు.

పూతలపట్టు దాటినాక వదిన అడిగింది. “కొత్త మరచెంబు కనబడదేమిరా?”

“యాడన్నా పారేసుకుంటామని మొక్కు మూటలో పెట్టి ముడేసినానక్కా.”

“సెంబు బద్రంగా పెట్టినావు, సరే. అందులో నీళ్లు?”

“నీళ్లూ ఆడనే ఉండాయి. దోవంతా చలిపందిళ్లే గదా, మనకేం తక్కువ?”

 వదిన కనబడిన ప్రతి బావి దగ్గరా తన బుర్రను మెడదాకా నింపుకుంది. ఆ బుర్రే నలుగురికీ సరిపోవాలి.

రెండోనాడు పాకాల దాటి చంద్రగిరి వైపు నడుస్తుండగా ఎండ ముదిరింది. మేము నమ్ముకున్న చలిపందిరి కింద కుండలు బోర్లించి ఉన్నాయి. బావి ఎండిపోయి అక్కడ నీళ్లు పోసే ముసలాయన వెళ్లిపోయాడని మేకల మనిషి చెప్పాడు. బుర్రలో మిగిలిన నీళ్లు పాపకు పోసేశాము. ఆ తరువాత రెండువైపులా రాతిగుండ్లు, కంపచెట్లు తప్ప ఏమీ లేవు. పాప నీళ్లు నీళ్లు అని ఏడుస్తూ ఉంది. ఏడుస్తున్నంతసేపూ విసుక్కున్నాను. ఏడుపు ఆగిపోయాక భయం పట్టుకుంది. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. కళ్లు తెరిచి ఉన్నా నన్ను చూడటం లేదు. పిలిస్తే ఎవరినో పిలుస్తున్నట్టు ఎటో చూసింది.

నీళ్లు మా ఆయన తలమీద ఉన్నాయి. ఆయన అడుగు వేసినప్పుడల్లా మూటలో చెంబు కదిలే చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.

“మూట ఇట్ల తే,” అంది వదిన.

ఆయన రెండు చేతులతో మూటను గట్టిగా పట్టుకున్నారు. “వద్దక్కా! ముడి ఇప్పితే బిడ్డకే తగలతాది. బిడ్డ పేరున గట్టింది ఇది.”

“బిడ్డ ఉంటే గదరా పేరు!”

ఆయన ఏడుస్తున్నారు. ఆయన రాతిగుండె మనిషి కాదు. ఆ మొక్కే బిడ్డను బతికించిందని నమ్మిన తండ్రి. నాకు విప్పినా భయమే, విప్పకపోయినా భయమే. వదిన చేతులు చాపి మూటను అందుకుంది. గుండు మీద కూర్చుంది. అప్పుడు కూడా మూటను నేలకు తాకనివ్వకుండా ఒడిలో పెట్టుకుని పళ్లతో ముడి లాగింది. చెంబు తీసి ఆ నీళ్లతో పైటకొంగు తడిపి పాప మెడమీద, రొమ్ముమీద వేసింది. పెదాలు తడిపింది. తరువాత కొంచెం కొంచెంగా తాగించింది. ఎంతసేపో గుర్తులేదు. పాప “అత్తా, బెల్లం” అనేదాకా పెదాలు తడుపుతూనే ఉంది.

బిడ్డ నోట్లో బెల్లం ముక్క పెట్టి, వదిన కొండ వైపు తిరిగింది. పక్కింటివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడింది. “సామీ, ముడి ఇప్పింది నేను. బిడ్డ గాదు, వాళ్ల నాయన గాదు. ఏం అడగాలన్నా నన్నే అడుగు.” మళ్లీ ముడి వేసి మూటను తమ్ముడి తలమీద పెట్టింది.

కొండకు చేరాము. తలనీలాలు ఇచ్చాము. భయం మాత్రం మాతో ఇంటికి వచ్చేసింది. ఆ తరువాత పాప తుమ్మితే ఆయన నా ముఖం చూసేవారు, నేను ఆయన ముఖం చూసేదాన్ని. బడి నుంచి రావడం ఆలస్యమైతే గడపలో నిలబడి వీధి చివరికే చూసేదాన్ని. వదిన ఒక్కతే కంటినిండా నిద్రపోయేది. “మీ లెక్క మీరు సూసుకుంటాండారు. అది నా లెక్క,” అనేది.

ఈ ఎండాకాలం ఆమెకు దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. నేను పాపను పక్కింటికి పంపేశాను.

“పాప యాడికి పోయింది?” అని అడిగింది.

“పక్కింట్లో ఆడుకుంటాంది వదినా.”

“నా జరం అంటుకుంటాదనా, నా మాట అంటుకుంటాదనా?”

నేను ఆమె దుప్పటి సర్దాను. ఆమె నవ్వింది, దగ్గింది. “నన్నడిగేదానికి ఆ సామికి ఇంత కాలం పట్టిందా? అంత సోంబేరా ఆయన? వయసయ్యింది, పోతాండా. అంతే మ్మే.” ఆ సాయంత్రం పాప తనంతట తానే వచ్చేసి, విసనకర్ర తీసుకుని ఆమె పక్కన కూర్చుంది. నేను లెమ్మనలేదు. తెల్లవారేసరికి వదిన లేదు.

నిన్న కర్మలు కాగానే మా ఆయన పెట్టెలో నుంచి పసుపుగుడ్డ తీశారు. పళ్లెంలో బియ్యం పోశారు. పాపను రమ్మన్నారు. ముడి విప్పిన తప్పుకు తప్పుమొక్కు కట్టాలట, మళ్లీ బిడ్డ పేరుతోనే. “అక్కను తీసుకున్నాడు. ఇంతటితో ఆగతాదని ఏం నమ్మకం?” అన్నారు.

నేను పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టాను.

“నీకు బయం లేదా?”

“ఉండాది. రోజూ ఉండాది. అయినా ఆమె తన మీద ఏసుకున్నదాన్ని మళ్లా బిడ్డ మీదికి తెస్తామా? ఆమె మాటకు అంతే విలవా?”

 ఆయన గుడ్డ మడిచి పెట్టెలో పెట్టి, బియ్యం తానే తెచ్చి నా చేటలో పోశారు.

ఈ మధ్యాహ్నం ఆ బియ్యమే వండాను. పాప చారు జుర్రుకుంటే మోచేతి దాకా కారింది. ఎప్పుడూ కసురుకునే ఆయన ఈరోజు చూస్తూ కూర్చున్నారు. ఇంకొంచెం అన్నం పెట్టమంది. పెట్టాను. మా వదిన తన పేరుతో తీసుకున్న బాకీ చెల్లిపోయింది.