తాడు అయిపోయాక నాలుగడుగులు

నాకు చిన్నప్పట్నించీ భయం ఎక్కువ. కుక్కంటే భయం, లారీ అంటే భయం, మా హెడ్మాస్టరంటే మరీ భయం. అలాంటిదాన్ని ఏరికోరి ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగంలో చేరాను. బడికి రాలేని పిల్లల ఇళ్ళకి వారానికోసారి మేమే వెళ్ళాలి. గురజాల నుంచి మాచర్ల వైపు స్కూటీ మీద పోతూ, ఈ రోజు ఎవరికీ ఏమీ కాకుంటే చాలని దణ్ణం పెట్టుకునేదాన్ని. బండి నడుపుతూ దణ్ణమేందని మా ఆయన నవ్వేవాడు. మనసులో పెట్టుకునే దణ్ణానికి చేతులెందుకు?

గురువారం వంతు తొమ్మిదేళ్ళ అమ్మాయిది. పుట్టుకతోనే చూపు లేదు, వినికిడీ లేదు. అమ్మానాన్నా మిరప చేలోకి పోతే ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ పిల్ల కాలికి పాత చీర పేలిక కట్టి ఉంది. దాని రెండో కొస మంచం కోడుకి. నాకు ఒళ్ళు మండి, పిల్లనుకున్నారా దూడనుకున్నారా అని అడిగేశాను. నాయనమ్మని నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను ఎగాదిగా చూసి, పెరడు దాటితే మిరపకాయలు ఆరబోసే కల్లం, కల్లం దాటితే నీళ్ళు నిండిన నాపరాయి క్వారీ ఉన్నాయనీ, పిలిస్తే పలకని పిల్లని ఎక్కడని వెతకమంటావనీ అడిగింది. నేను కట్టు విప్పాల్సిందేనన్నాను. అప్పటికి కొత్త. ట్రైనింగులో చెప్పిందంతా నోటి చివరే ఉండేది.

ఆ పేలిక విప్పించేసరికి నా తలప్రాణం తోకకి వచ్చింది. వెనక గుమ్మం నుంచి పెరట్లో బాత్రూము దాకా, నడుమెత్తున ఒక నైలాను తాడు కట్టించాను. బాత్రూము గోడకి మేకు దిగక, గోడకి కాస్త ఇవతల రాట పాతి దానికి కట్టాం. మిగిలిన తాడు చుట్టగా ఆ రాటకే వేలాడేది.

ఆ పిల్లతో మాటలన్నీ చేతులతోనే. నా చెయ్యి కింద, తన చెయ్యి పైన. నేను చేసే సైగని తను తడిమి తెలుసుకుంటుంది. వెనక నుంచి ఎవరైనా పట్టుకుంటే మాత్రం హడలిపోయి ఒక్క గెంతు గెంతుతుంది. వచ్చేది ఎవరో తనకి ముందు తెలియదు కదా. అందుకే పక్కన చేరి, చెయ్యి అందించి, గుర్తుపట్టేదాకా ఆగాలి. తాడు సంగతి కూడా అలాగే నేర్పాను. తాడు పట్టుకుని నడువు. తాడు అయిపోయాక చెయ్యి ముందుకి చాపి నాలుగడుగులు వెయ్యి, గోడ తగులుతుంది. తగలకపోతే ఇంకో అడుగు వెయ్యి, భయపడకు. భయపడకు అని నేను ఒకరికి నేర్పడం! తను ఒక్కతే వెళ్ళి ఒక్కతే తిరిగొచ్చిన రోజు నేను గడప మీద కూలబడి ఏడిస్తే, మంచి జరిగినా ఏడుపేనా అని పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది.

ఆ మార్చిలో ఒక గురువారం మధ్యాహ్నం నేను దారిలో ఉండగానే వాన అందుకుంది. కల్లంలో కాయ ఉండగా వాన పడితే పల్నాట్లో ఎవరికీ ఒంటి మీద తెలివి ఉండదు. ఏడాది కష్టం తడిసిపోతుందని ఉరుకులు పరుగులు. నేను ఒక కొట్టు పంచన నిలబడి, వాన తెరిపిచ్చాక వెళ్ళాను.

ఇంటి ముందు పదిమంది ఉన్నారు. తలో దిక్కుకీ తిరిగి ఆ పిల్ల పేరు పెట్టి అరుస్తున్నారు. స్కూటీకి స్టాండు కూడా వెయ్యకుండా వదిలేసి నేనూ అరిచాను, గొంతు పగిలేలా. రెండేళ్ళుగా ఆ పిల్లకి పాఠం చెప్తున్నదాన్ని, నేనూ అరిచాను. అది గుర్తొచ్చి నోరు మూసుకున్నాక ఇంకా భయమేసింది.

వెనక గుమ్మం దగ్గరికి పరిగెత్తాను. తాడు గుమ్మానికి కట్టే ఉంది. కానీ రెండో కొస రాటకి లేదు. బాత్రూము పక్కనుంచి సాగి కల్లంలోకి పోయి, కాయల కుప్ప మీద కప్పిన పట్టా మూలకి ముడిపడి ఉంది. గాలికి పట్టా లేచిపోతుంటే, చేతికందిన తాడు విప్పి కట్టేశాడు తండ్రి. గుమ్మం వైపు ముడి విప్పేంత తీరిక లేదు. పది నిమిషాల్లో మళ్ళీ కట్టొచ్చనుకుని, చేలో ఉన్న రెండో కుప్ప దగ్గరికి పరిగెత్తాడు. ఆ సమయంలో పెద్దమ్మ ముందు వాకిట్లో ఆరబోసిన కాయలు ఎత్తుతోంది. ఇప్పుడు ఆ తండ్రి తడి లుంగీతో నా పక్కన నిలబడి తాడునే చూస్తున్నాడు.

పిల్ల తాడు పట్టుకుని నడిచింది. తాడు అయిపోయింది. చెయ్యి చాపి నాలుగడుగులు వేసింది, గోడ లేదు. ఇంకో అడుగు వెయ్యమన్నది నేనే. ఆ అడుగులు ఎటు పోతాయో చూద్దామని తలెత్తితే ఎదురుగా క్వారీ గట్టు.

ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. గట్టు ఎక్కేసరికి పిల్ల కనపడింది. రాళ్ళ ముక్కలు పాదాలకి గుచ్చుకుని ఆగినట్టుంది, చెయ్యి అలాగే గాల్లోకి చాపి నిలబడి ఉంది. ముందు రెండు బారల నేల, ఆ తర్వాత లోయ, అడుగున పచ్చటి నీళ్ళు. తండ్రి పిల్లని పట్టుకోవడానికి దూకబోతే చొక్కా పట్టి లాగాను, గుండీలు తెగాయి. "ఆగు, నువ్వు పట్టుకుంటే ముందుకే గెంతుద్ది" అన్నాను గుసగుసగా. గుసగుస ఎందుకో, ఆ పిల్లకి వినపడేదా చచ్చేదా.

నేను కూర్చుని, రాళ్ళ మీద డేకుతూ తనకీ లోయకీ మధ్యలోకి చేరాను. కిందికి చూడలేదు. నా చెయ్యి తన చేతి కింద పెట్టాను. నా వణుకుకి అది ఎవరి చెయ్యో తెలియక తను బిగుసుకుపోయి ఒక అడుగు ముందుకి వేసింది. నా పంచప్రాణాలూ పోయాయి. అంతలో తన వేళ్ళు నా అరచేతి మీదుగా మణికట్టుకున్న వాచీ దాకా పాకి, అక్కడ ఆగి, నన్ను గుర్తుపట్టాయి. వెంటనే అరచెయ్యి నా గుండె మీద ఆనించి నెట్టింది, మళ్ళీ మళ్ళీ. పాపం, నాలాగే హడలిపోయిందనుకుని వాటేసుకుని ఏడ్చాను.

ఇంటికొచ్చాక తల్లి పిల్లని ఒళ్ళో వేసుకుని తువ్వాలుతో తల తుడుస్తోంది. తండ్రి తల ఎత్తడం లేదు. చుట్టూ చేరినవాళ్ళలో కొందరు ఆయన్ని, కొందరు నన్ను అంటున్నారు. పెద్దమ్మని పక్కకి పిలిచి, నా నోటితో నేనే అన్నాను: "పెద్దమ్మా, కాయ అమ్ముడుపోయిందాకా కట్టేసి ఉంచు."

ఆమె ఒప్పుకుంటే బాగుండునని నిజంగానే కోరుకున్నాను. ఒప్పుకుంటే ఇక నాకు గురువారాల భయం ఉండదు.

"నేను కట్టనమ్మా," అంది. "ఇన్నేళ్ళకి ఈ ఏడే అది నన్ను ఎతుక్కుంటా వంటింట్లోకి వచ్చింది. నీకు భయమైతే నువ్వు రావాక. ముందు దాని చెయ్యి చూడు. అప్పట్నించీ బాత్రూముకి పోవాలని అడగతానే ఉంది, ఒక్కళ్ళన్నా పట్టించుకున్నారా?"

చూశాను. పిల్ల అరచెయ్యి తల్లి గుండెకి ఆనించి నెడుతోంది. బాత్రూము గోడ దగ్గరికి పోవాలని అర్థం. ఆ సైగ నేర్పింది నేనే. గట్టు మీద నాతో అన్నదీ అదే, నాకు చదవడం రాలేదు.

పెద్దమ్మ మనవరాలి చేతి కింద తన చెయ్యి పెట్టి, గుర్తుపట్టేదాకా ఆగి, పెరట్లోకి నడిపించుకుపోయింది.