సర్లే గారి కొత్త కారు

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకొకటి ఉంది. అది కాగితాల మీద తప్ప ఎక్కడా వినిపించదు. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన సర్లే గారే. ఏం జరిగినా ముందు నోట్లోంచి ఊడిపడే మాట అదే కావడంతో ఆ పేరు అలా అతుక్కుపోయింది. హోటల్లో టీలో పంచదార వెయ్యడం మరిచిపోతే, సర్లే. దర్జీ చొక్కా చేతులు పొట్టిగా కుట్టి ఇస్తే, సర్లే, పైకి మడుచుకుంటే ఎవరికి తెలుస్తుంది. బస్సులో కాలు తొక్కినవాడు నొచ్చుకునేలోపే ఈయన సర్లే అనేసేవారు. ఒక్కోసారి తొక్కకముందే అనేస్తారని భార్య ఏడిపించేది.

రెండు కుర్చీల సెలూన్ ఆయనది. కత్తెర పట్టుకుంటే చెయ్యి మహా మెత్తన. తల అప్పగించి కూర్చున్నవాళ్లు సగం కటింగ్‌లోనే కునుకు తీసేవారు. గడ్డం గీస్తూ ఊరి కబుర్లన్నీ వినేవారు గానీ, ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే అలవాటు లేదు. అందుకే భార్యతో గొడవపడ్డ మగాళ్లందరూ జుట్టు పెరగకపోయినా వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవారు.

సొంత ఇంట్లో మాత్రం పోట్లాటల శాఖ మొత్తం భార్య చేతిలోనే ఉండేది. ఆవిడ పిల్లల ఆస్పత్రిలో టోకెన్లిచ్చే ఉద్యోగి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏడ్చే పిల్లలతో, కేకలేసే పెద్దలతో పని. గ్యాసు వాళ్లయినా, కరెంటాఫీసు అయినా, సెలవు రోజు గోడకి మేకులు కొట్టే పై అంతస్తు ఆయనైనా, మాట్లాడవలసింది ఆవిడే. సర్లే గారు వెనకాల ఆవిడ చేతిసంచీ పట్టుకుని నిలబడేవారు.

అలాంటి ఇంటికి కారొచ్చింది.

ఆయనతోపాటే ఉండే అత్తగారి మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనని మొండికేశాయి. దాంతో కొనక తప్పలేదు. అంతకుముందు ఆ గడప ముందుకి వచ్చిన బండ్లన్నీ ఎవరో ఒకరు వాడి వదిలేసినవే. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు తామే చించుకుని కూర్చున్న బండి ఇదే మొదలు. రంగు అత్తగారు ఎంచింది. బాగా ముగ్గిన బొప్పాయి రంగు.

"ఎక్కడ నిలబెట్టినా వెతుక్కోనక్కర్లేదు అల్లుడూ," అని ఆవిడ వాదన.

షోరూమ్ వాళ్లు తాళాలు చేతిలో పెట్టి ఫోటో తీసే సమయానికి సర్లే గారు కళ్లు మూసేశారు. ఇంకోటి తీస్తామన్నారు వాళ్లు. సర్లే, ఫర్వాలేదన్నారు ఈయన. ఆ ఫోటోనే ఫ్రేము కట్టించి సెలూన్లో అద్దం పక్కన తగిలించారు. కొత్త కారు ముందు నిలబడి నిద్రపోతున్న మనిషిని చూసి వచ్చినవాళ్లందరూ నవ్వేవారు. వాళ్లతోపాటు ఆయనా నవ్వేవారు.

కొన్ని నెలలు ఆనందానికి హద్దు లేదు. సెలవు దొరికితే చాలు, కూతురితో కలిపి నలుగురూ ఎక్కేసి ఊరి బయటి దాకా వెళ్లొచ్చేవారు. తీరా వెళ్లాక చేసే పనేమీ ఉండేది కాదు. కారు దిగి, కారుని చూసుకుని, మళ్లీ కారెక్కేవారు.

కారులో ఏదో తేడా ఉందని మొదట పట్టుకున్నది అత్తగారు. పట్టుకున్నదంటే, అది పాట అనుకుంది. ఒకరోజు బైపాస్ రోడ్డు మీద వేగం అందుకోగానే వెనక నుంచి సన్నగా "హూఁ..." అని ఒక శ్రుతి మొదలైంది. ఆవిడకి పాటలంటే ప్రాణం. ఆ శ్రుతిలో కలిపి కాసేపు కూనిరాగం తీసింది.

"రేడియోలో తంబూరా భలే ఉంది అల్లుడూ. కొంచెం పెంచు," అంది.

"రేడియో వెయ్యలేదత్తయ్యా."

కారంతా నిశ్శబ్దమైపోయింది. హూఁ మాత్రం ఆగలేదు.

అద్దాలు దించి విన్నారు, ఎత్తి విన్నారు. మెల్లిగా పోతే తగ్గుతుంది, వేగం పెరిగితే గొంతు పెంచుతుంది. పైగా ఇంకో సంగతి బయటపడింది. బండి తిన్నగా పోతున్నా స్టీరింగు తిన్నగా ఉండటం లేదు. కాస్త పట్టు వదిలితే బండి ఎడమవైపు జరుగుతోంది, అక్కడేదో చుట్టాలిల్లు ఉన్నట్టు.

"సర్లే, కొత్త బండి కదా," అన్నారు ఆయన.

"కొత్త బండి కాబట్టే అడగాలి. వారంటీ ఉన్నది దేనికి?" అని భార్య, తనకి సెలవు లేకపోవడంతో, ఆయన్నొక్కణ్నే తోలింది.

షోరూమ్ వెనక సర్వీసు విభాగంలో టై కట్టుకున్న యువకుడు ఎంతో మర్యాదగా విన్నాడు. "టైర్ల చప్పుడు కొత్త బండికి మామూలే సార్. అలవాటైపోతుంది," అన్నాడు. అలవాటైపోవడమన్నది సర్లే గారికి దగ్గరి చుట్టం లాంటి మాట. వినగానే మనసు మెత్తబడింది.

"ఏం చేసుకొచ్చారు?" అంది భార్య సాయంత్రం.

"కడిగించుకొచ్చాను. లోపల సువాసన కూడా కొట్టారు."

రెండోసారి వెళ్తే చక్రాలు ఊడదీసి బ్యాలెన్సింగ్ చేశారు. చప్పుడు చెక్కుచెదరలేదు. టైర్లు మేం తయారుచెయ్యం, టైర్ల కంపెనీ వాళ్లని అడగండి అన్నాడు టై యువకుడు. టైర్ల దుకాణం వాళ్లు ఒకసారి వంగి చూసి, మా టైరుకి ఏ రోగమూ లేదు, మీ చక్రాలే తిన్నగా లేవు, కారు వాళ్లని అడగండి అన్నారు. కారు వాళ్ల దగ్గరికి తిరిగొస్తే, గుంతల్లో దింపితే అలైన్‌మెంట్ పోతుంది సార్, అది వారంటీ కిందకి రాదు అన్నారు. వాళ్లన్న ప్రతిసారీ ఈయన సర్లే అన్నారు. ఊరికి ఆ చివరా ఈ చివరా తిరగడంలో చప్పుడు ఇంకొంచెం బలిసింది.

"రేపు నేను సెలవు పెడతాను. వాళ్ల సంగతేంటో చూస్తాను," అంది భార్య జుట్టు ముడి వేసుకుంటూ. ఆవిడ జుట్టు ముడి వేసిందంటే అవతలివాళ్లకి మూడినట్టే. మామూలుగా అయితే సర్లే గారు హాయిగా ఊపిరి పీల్చుకుని చేతిసంచీ అందుకునేవారే. కానీ ఆ పొద్దున ఒకటి జరిగింది.

కాలేజీ చదివే కూతురికి డ్రైవింగ్ నేర్పుదామని గోడౌన్ల పక్కన ఖాళీ స్థలానికి తీసుకెళ్లారు. పిల్ల చురుకైనది. గేర్లు చప్పున పట్టుకుంది.

"స్టీరింగు ఎప్పుడూ కాస్త కుడివైపు బిగపట్టి ఉంచమ్మా," అన్నారు ఈయన.

"ఎందుకు నాన్నా?"

"ఇది ఎడమకి లాగుతుంది. పట్టుకోగా పట్టుకోగా నీకే అలవాటైపోతుంది."

పిల్ల బండి ఆపింది. "తప్పు కారులో ఉంటే అలవాటు నేను చేసుకోవడమేంటి నాన్నా? రేపు తిన్నగా పోయే కారెక్కితే కుడిపక్క గోడకి కొట్టేస్తాను," అంది. నవ్వుతూనే అంది. ఆయనా నవ్వారు. కానీ సెలూన్‌కి వెళ్లాక, ఒకాయన చెంపకి నురగ రాసి అలా బ్రష్షు పట్టుకుని ఉండిపోయారు. ఇన్నేళ్లూ తన సర్దుబాటేదో తన ఒంటితోనే పోతుందనుకున్నారు. పిల్ల చేతికి తనే అందిస్తున్నానని తోచలేదు. చెంప మీద నురగ ఆరిపోతోందని ఆ పెద్దమనిషి గుర్తుచేయాల్సి వచ్చింది.

అందుకే భార్య జుట్టు ముడి వేసుకోగానే, "నువ్వొద్దు. నేనే వెళ్తాను," అన్నారు.

"మీరా?"

"నేనే."

ఆవిడ దగ్గరికొచ్చి జ్వరమేమైనా ఉందేమోనని నుదురు పట్టుకు చూసింది.

మర్నాడు ఆయన కారు దగ్గరికి వెళ్లేసరికి అత్తగారు అప్పటికే ముస్తాబై వెనక సీట్లో కూర్చుని ఉంది. షోరూమ్‌లో ఏసీ బాగుంటుందట.

"ఇంకోసారి కడిగిచ్చేస్తాం సార్," అన్నాడు టై యువకుడు చూడగానే.

"కడగడం వద్దు నాయనా. మీ మేనేజరు గారు ఒక్కసారి ఈ కారెక్కాలి. అంతే."

"మేడం మీటింగ్‌లో ఉన్నారు సార్."

"కూర్చుంటాను."

కూర్చున్నారు. గొంతు పెంచలేదు, బల్ల గుద్దలేదు. టై యువకుడు అటువైపు వచ్చినప్పుడల్లా తలెత్తి చిరునవ్వు నవ్వారు. ఆ చిరునవ్వుకి తట్టుకోలేక అతను ఇంకో దారిన తిరగడం మొదలుపెట్టాడు. ఈలోపు అత్తగారు రిసెప్షన్ అమ్మాయి అత్తింటి కష్టాలన్నీ రాబట్టేసింది. చివరికి మేనేజరమ్మే బయటికొచ్చింది. కళ్లజోడు గొలుసుకి వేలాడుతూ, నడకలో విసురు. "రండి, చూద్దాం," అని తనే స్టీరింగు ముందు కూర్చుంది.

ఊళ్లోని నున్నటి రోడ్డు మీద కారు బుద్ధిమంతురాలిలా నడిచింది. మేనేజరమ్మ ఈయన వంక ఓరగా చూసింది. సర్లే గారికి చెమటలు పట్టాయి. బైపాస్ ఎక్కి వేగం పెరిగింది. హూఁ... మొదలైంది. అలవాటు కొద్దీ అత్తగారూ అందుకుంది.

మేనేజరమ్మ కాసేపు విని, "అమ్మగారూ, ఒక్క నిమిషం ఆపుతారా? చప్పుడు వినాలి," అంది.

"నేనెప్పుడో ఆపేశానమ్మా. ఇది కారే."

మేనేజరమ్మ పెదవులు బిగపట్టింది, నవ్వు ఆపుకోవడానికే. ఖాళీ రోడ్డు చూసి స్టీరింగు మీద పట్టు సడలించింది. బండి ఎడమకి జరిగింది. వెంటనే వెనక్కి తిప్పి, తిన్నగా వర్క్‌షాపులోకి పోనిచ్చి, బండిని లిఫ్టు మీదకి ఎత్తించింది.

మెకానిక్ వెనక చక్రం లోపలి అంచు తడిమి, "మీరూ చెయ్యి పెట్టి చూడండి సార్," అన్నాడు. సర్లే గారు వేళ్లు పోనిచ్చారు. ఒకవైపు నిమిరితే నున్నగా ఉంది. ఎదురు నిమిరితే గరుకుగా గుచ్చుకుంది. గీసిన మర్నాటి గడ్డం! అంత కంగారులోనూ ఆయనకి నవ్వొచ్చింది.

అలైన్‌మెంట్ మిషన్ తగిలించి తెర మీద చూశారు. తిన్నగా ఉన్న చక్రం అంకెలు పచ్చగా, తేడా ఉన్నవి ఎర్రగా వస్తాయట. ముందువి సరిచేస్తే పచ్చబడ్డాయి. వెనకవి మాత్రం ఏం చేసినా ఎర్రగానే నిలబడ్డాయి. మెకానిక్ లైటు పట్టుకుని కింద దూరి చాలాసేపు వెతికాడు.

"ఎక్కడా దెబ్బ తగిలిన గుర్తు లేదు మేడం. వెనక చక్రాలు రెండింటినీ కలిపే యాక్సిలే కాస్త వంకర. పుట్టుకతోనే అంతే. టైర్లు ఇలా అరిగి పాడుతున్నది అందుకే."

మేనేజరమ్మ కళ్లజోడు తీసి ఈయన వైపు తిరిగింది. "మీరు చెప్పింది నిజమే. మొదట్లోనే చూడాల్సింది. యాక్సిల్ వారంటీలో మార్చేస్తాం. టైర్లు మాత్రం అరిగే వస్తువులు కదా, వాటికి వారంటీ వర్తించదు. అవి మీరు చూసుకోండి."

సగం దక్కింది. ఆయన ప్రాణానికి సగమంటే చాలా ఎక్కువ. నాలుక తన దారిన తాను కదిలింది. "సర్..." అన్నారు. టై యువకుడు అప్పటికే తలూపేస్తున్నాడు. అత్తగారు కళ్లు మూసుకుంది.

"సరికాదు," అన్నారు సర్లే గారు.

ఆ మాట విని అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది ఆయనే. అన్నాక ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు కదా, గొంతు సవరించుకున్నారు.

"నాది సెలూన్ మేడం. నా కుర్చీ ఒక పక్కకి ఒరిగి ఉందనుకోండి. అందులో మిమ్మల్ని కూర్చోబెట్టి కత్తిరించాను. జుట్టు ఎగుడుదిగుడుగా వచ్చింది. కుర్చీ బాగుచేయిస్తాను, జుట్టు మాత్రం మీది కదా, మీరే చూసుకోండి అంటే ఊరుకుంటారా?"

మేనేజరమ్మ చెయ్యి తనకి తెలియకుండానే జుట్టు మీదకి వెళ్లింది. తర్వాత పకపకా నవ్వింది. "ఊరుకోను," అంది.

అక్కడే నిలబడి టైర్లకి ఫోటోలు తీయించి, కంపెనీకి ఫోన్ చేసింది. జవాబు రావడానికి కొద్ది రోజులు పట్టింది. ఆ కొద్ది రోజులూ మధ్యాహ్నం కాగానే సర్లే గారు ఫోన్ చేసేవారు. "భోజనం అయిందా మేడం?" అని మొదలుపెట్టి, వాతావరణం మీదుగా టైర్ల దగ్గరికి వచ్చేవారు. చివరికి కొత్త యాక్సిల్‌తోపాటు వెనక రెండు చక్రాలకీ కొత్త టైర్లు వచ్చాయి. చేతి నుంచి పైసా పడలేదు.

ఇంట్లో భార్య ఆ కథని మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

"సరికాదు అన్నారా? నిజంగా? గట్టిగానా, మెల్లిగానా?"

"మధ్యస్తంగా."

"అమ్మా, నువ్వు చెప్పు."

"గట్టిగానే అన్నాడే. నాకు గుండె ఝల్లుమంది," అంది అత్తగారు. భార్య నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. మర్నాడు ఆస్పత్రిలో టోకెన్ల కిటికీ దగ్గర ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

ఆ ఆదివారం కూతురు నడుపుతుంటే నలుగురూ బైపాస్ మీద బయల్దేరారు. కారులో ఎవరి ఊపిరి వాళ్లకి వినిపించేంత ప్రశాంతంగా ఉంది. ఎప్పుడూ రోడ్డుని వెయ్యి కళ్లతో కాపలా కాసే భార్య, కిటికీకి తలవాల్చి నోరు తెరుచుకుని నిద్రపోయింది. సర్లే గారు వెనక్కి తిరిగి ఆ నిద్రని చూసి చూసి మురిసిపోయారు. ఎంత దూరం వచ్చారో చూసుకోలేదు. ఇంటికి తిరిగొచ్చేసరికి పెట్రోలు ముల్లు అడుగంటింది.

తర్వాత కొన్నాళ్లకి ఒక సాయంత్రం టై యువకుడు సెలూన్ వెతుక్కుంటూ వచ్చాడు. టై లేదు. పెళ్లిచూపులట. సిగ్గుపడుతూ కుర్చీలో కూర్చున్నాడు.

"ఎలా కత్తిరించమంటారు?" అని అడిగారు సర్లే గారు, మెడకి గుడ్డ కడుతూ.

"మీ ఇష్టం సార్. ఎలాగైనా ఫర్వాలేదు."

"తల మీది. ఇష్టం నాదెలా అవుతుంది? నచ్చకపోతే అప్పుడే చెప్పాలి మరి."

కత్తెర చాలాసేపు ఆడింది. అయ్యాక ఈయన వెనక అద్దం పట్టి చూపించారు. అతను అటూ ఇటూ తల తిప్పాడు. ఏదో అనబోయి ఆగాడు.

"చెప్పండి, చెప్పండి."

"వెనక కొంచెం... ఇంకొంచెం తగ్గిస్తే బాగుంటుందేమో సార్."

"అద్గదీ!" అని సర్లే గారు ఎగిరి గంతేసినంత పనిచేసి, కత్తెర అందుకున్నారు.