అక్క పాట, పందులవాళ్ల పందిరి

మా అక్క ట్రిఫిన్ పోయి ఐదు నెలలైంది. బతికుండగా ఆమెను చూసి మొహం తిప్పుకున్నవాళ్లు ఇప్పుడు ఆమె బొమ్మ ఉన్న చొక్కాలు తొడుక్కుని తిరుగుతున్నారు.

బ్రిటనీ తీరంలో మా వైపు నాట్యానికి వాయిద్యాలు అక్కర్లేదు, ఇద్దరు పాడితే చాలు. ఒకరు చరణం ఎత్తుకుంటారు. చివరి మాటల దగ్గర రెండోవాళ్లు గొంతు కలిపి, ఆ చరణాన్నే మళ్లీ పాడతారు. నలభై ఏళ్లు అక్క ఎత్తుకుంది, నేను అందుకున్నాను. వారమంతా ఫ్యాక్టరీలో సార్డీన్ చేపల తలలు కోసి, శనివారం చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని పాడటానికి వెళ్లేవాళ్లం. తర్వాత అక్కకు టీవీ సీరియల్లో ఉత్తరాలు పంచే ఆవిడ వేషం వచ్చింది. దేశమంతా గుర్తుపట్టేవారు. పారిస్‌కు మకాం మార్చమన్నారు. "అక్కడ సముద్రమేదీ?" అని నవ్వేసి ఊళ్లోనే ఉండిపోయింది.

మా రేవులో ప్రతి వేసవీ పచ్చనాచు మోకాలెత్తు పేరుకుంటుంది. పందుల ఫారాల మురుగు వాగులోంచి వచ్చి దాన్ని మేపుతుంది. పైన ఎండి పెచ్చు కడుతుంది, కింద కుళ్లి కోడిగుడ్ల కంపు కొడుతుంది. ఒకరోజు మా కుక్క ఆ పెచ్చు మీద కాలేసింది. పెచ్చు పగిలింది. లోపలి విషపు గాలి పీల్చి అక్క కళ్లముందే పడి చచ్చిపోయింది.

"ముసలి కుక్క కదమ్మా," అన్నాడు మేయర్ గుల్వెన్.

దానికి మూడేళ్లు.

ఆనాటి నుంచి అక్కకు ఆ నాచు మీద పోరాటమే పని. లారీ మీద నాటకం కట్టి సంతల్లో ఆడింది. పందీ తనే, మేయరూ తనే. సీరియల్‌వాళ్లు పిలవడం మానేశారు. రొట్టెల కొట్టు మరియాన్ ఒకరోజు అందరి ముందూ అడిగింది.

"నీవల్ల ఊరి పేరు చెడి, టూరిస్టులు రాక గదులన్నీ ఖాళీగా ఉన్నాయి. సంతోషమా?"

"చెడింది పేరు కాదే, రేవు. ముక్కు లేదా నీకు?"

ఆమె పోయాక గుల్వెన్ పూలతో మా ఇంటికొచ్చాడు.

"నాయిగ్, ట్రిఫిన్ మన ఊరి బిడ్డ. ఆదివారం మధ్యాహ్నం ఆమె పేర నాట్యం పెడుతున్నాం. మీరిద్దరూ పాడిన రికార్డులో నీ గొంతు తీయించి, ఆమెది ఉంచాం. ఆమె ఎత్తుకుంటుంది, నువ్వు అందుకో."

ఒప్పుకున్నాను. ఎవరు పెట్టిస్తున్నారని కూడా అడగలేదు. ఇంకొక్కసారి అక్క పక్కన పాడాలనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆదివారం వెళ్లి చూస్తే పందిరి నిండా పందుల సహకార సంఘం జెండాలు. నల్లగోధుమ అట్లలో చుట్టిన సాసేజీలు ఉచితం. నూనె చేతులతోనే చిటికెన వేళ్లు కలిపి జనం నాట్యానికి గొలుసు కట్టారు. అక్క గొంతు ఎత్తుకుంది. నాలుగు చరణాలు అందుకున్నాను. ఐదోది నాచు గురించి. దానికోసం ఊపిరి పట్టాను. రికార్డు ఆరో చరణానికి దూకింది.

ఆ పాట ఊరందరికీ వచ్చు. ఒక్క కాలూ తడబడలేదు.

నేను అందుకోలేదు. పాట తెగి గొలుసు ఆగింది. రికార్డూ ఆపారు.

"ఏంటమ్మా, ఏడుపొచ్చిందా?" అన్నాడు గుల్వెన్.

"ఐదో చరణం ఏది?"

"జనం తింటున్నారు నాయిగ్. ఈపూట ఆ కంపెందుకు?"

జీవితంలో మొదటిసారి నేనే ఎత్తుకున్నాను.

"దొడ్డి కడిగిన నీళ్లు వాగు దిగెను, వాగు మోసిన విషం రేవు తినెను..."

చివరి మాట దగ్గర ఆగాను. అందుకోవడానికి ఒక్క గొంతూ లేవలేదు. మరియాన్ పెదాల మీది నూనె తుడుచుకుంటూ నేల చూసింది. గుల్వెన్ చెయ్యి ఊపాడు. రికార్డు మళ్లీ మొదలైంది.

నేను వేదిక దిగి రేవు దారి పట్టాను. వెనక అక్క ఒక్కో చరణం పాడి, నాకోసం చోటు వదులుతూనే ఉంది. కంపుకు ముక్కు మూసుకుని, నోరు బిగించి ఇంటిదాకా నడిచాను.