సగం మామ అంకణం

మా వీధి నారాయణయ్యకు ఒకటే జబ్బు. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ కొలవాలి. సర్వేవాళ్ల దగ్గర చైన్‌మన్‌గా ముప్పై అయిదేళ్లు పొలాల్లో ఇనుప గొలుసు ఈడ్చిన మనిషి. రిటైరైన రోజు గొలుసును ఆఫీసులో అప్పగించాడు గానీ, కొలతను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. చొక్కా జేబులో ఎప్పుడూ టేపు ఉంటుంది. టేపు మరిచిపోయిన రోజు జాన, బెత్తెడు, మూర. అవీ చాలకపోతే అంగ. ఆయన అంగ సరిగ్గా రెండున్నర అడుగులు. ఎండలో, వానలో, నూట రెండు జ్వరంలో కూడా రెండున్నరే.

నడిచేటప్పుడు ఆయన్ని పలకరించకూడదు. అంగలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. లెక్క తప్పితే బయలుదేరిన చోటికి వెనక్కి పోయి మళ్లీ మొదలుపెడతాడు. ఈ సంగతి తెలిసి కూడా నేనొకరోజు నోరు ఆపుకోలేకపోయాను. తెల్లారే పాలకేంద్రానికి పోతున్నాడు.

"అన్నా, నిన్న మీ ఇంటికి కారులో వచ్చింది ఎవురు?"

వేలు పైకెత్తి, నన్ను కొరకొరా చూసి, వెనక్కి పోయాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ అడిగాను. మళ్లీ పోయాడు. మూడోసారి వచ్చేసరికి పాలకేంద్రం వాళ్లు గేటు వేసేస్తున్నారు.

"మా పెద్దకోడలి మేనమామ మే శేషమ్మా! దోర్నాల నుంచి వచ్చినాడు! భోంచేసి పోయినాడు! వంకాయ కూర! ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే అడిగెయ్, రేపు అడగబాక!"

ఆ రోజు వాళ్లింట్లో అందరూ నల్లకాఫీ తాగారని తరువాత విన్నాను. పాపం అనిపించింది గానీ, కారు సంగతి మాత్రం తేలింది కదా.

మా చిన్నమ్మాయి పెళ్లిచూపులప్పుడు పెద్దమనిషిగా పక్కన ఉంటాడని పిలిచాను. అందరూ పిల్లోడి ఉద్యోగం గురించి మాట్లాడుకుంటూంటే ఈయన లేచి మా నడిమింటి గుమ్మానికి టేపు పెట్టాడు. తరువాత పిల్లోడి వెనకాల చేరి కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"గుమ్మం అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. పిల్లోడు అయిదడుగుల పది. శేషమ్మా, జాగర్త."

"శుభమా అని పిలిస్తే ఇదేం మాట అన్నా?" అని కసిరాను. పిల్లోడు నవ్వుకుంటూ భోజనానికి లోపలికి అడుగుపెట్టాడు. ఠంగుమని మోగింది. పెళ్లినాడు మళ్లీ మోగింది. మా అల్లుడి పెళ్లిఫోటోల్లో నుదుటి మీద కనబడేది బాసికం ఒక్కటే కాదు, బాసికం కింద బొప్పి కూడా.

నారాయణయ్య భార్య ప్రసన్నకుమారి మాటకు మాట ఒప్పజెప్పగల మనిషి. "ఈయన ఇప్పుడు ఇట్టా అయినాడు అనుకుంటన్నారా వొదినా? తాళి కట్టేటప్పుడే మూడు ముళ్ల మధ్యన దూరం సమంగా ఉండాదా లేదా అని వంగి చూసినాడు. అయ్యగారు భయపడి మంత్రం మరిచిపోయినాడు" అంటుంది.

వాళ్లిద్దరికీ నలభై ఏళ్లుగా తెగని తగువు ఒకటుంది. అది అంకణం తగువు. మా నెల్లూరు వైపు అంకణమంటే డెబ్బై రెండు చదరపు అడుగులు. ప్రసన్నకుమారి పుట్టిల్లు తిరుపతి దగ్గర. అక్కడ అంకణమంటే ముప్పై ఆరు. పెళ్లి మాటలప్పుడు ఆమె నాయన మీసం దువ్వి, "మా ఇల్లు నలభై అంకణాలు" అన్నాడట. ఈయన పెళ్లయిన మూడోనాడు అత్తవారింట్లో మంచం కిందికి కూడా దూరి కొలిచి, బయటికొచ్చి దుమ్ము దులుపుకుంటూ, "ఇరవై" అన్నాడు.

"మా ఊళ్లో నలభై" అన్నాడు మామ.

"కొలత ఊరికొకటి ఉంటాదా? అది అంకణం కాదు మామా, అంకణం పిల్ల" అన్నాడు ఈయన.

ఆనాటి నుంచి ఆ మామకు మా వీధిలో స్థిరపడిన పేరు 'సగం మామ'. సగం మామ వస్తున్నాడు, సగం మామ మామిడిపండ్లు పంపించాడు. చివరికి ఆయన పోయినప్పుడు ఫోటో కట్టించమంటే నారాయణయ్య పోస్టుకార్డంత పటం కట్టించుకొచ్చి, "సగం మామకు ఇది చాలు" అన్నాడు. ప్రసన్నకుమారి వారం రోజులు మొగుడికి సగం గ్లాసు కాఫీ ఇచ్చింది.

ఇక మా ఊరి పాత శ్మశానం గొడవకు వస్తాను. ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరి దోవ పట్టి మా ఊళ్లో దిగితే ఎడమచేతి వైపు కనిపిస్తుంది. చెరువు అవతల కొత్త శ్మశానం ఇచ్చాక పదిహేనేళ్లుగా ఇందులో ఎవరినీ పెట్టడం లేదు. రోడ్డు వైపు సగం రాతినేల. గడ్డపార వంగుతుందని అక్కడ ఎన్నడూ గుంత తీయలేదు, సర్కారు కంప తప్ప ఏమీ లేదు. లోపలి సగంలో సమాధులు, వేపచెట్లు, కానుగలు, అన్నిటికీ చివర ఒక పెద్ద చింత.

ఆ స్థలంలో ఊరికి హాలు కట్టాలని మా పెద్దరైతు రాజమోహన్ పట్టుపట్టాడు. అందులో తప్పేమీ లేదు. పెళ్లి చేయాలంటే ఆత్మకూరు పోవాలి. మొన్న వేసవిలో మా వీధి కుర్రాడు సుధీర్ పెళ్లికి వేసిన షామియానా గాలికి లేచిపోయి పక్క ఊరి జొన్నచేలో పడింది. రెండో పంక్తి వాళ్లు నెత్తిన విస్తరాకులు పెట్టుకుని తిన్నారు. కానీ హాలు కావాలంటే చెట్లు కొట్టాలి, సమాధులు చదును చేయాలి. దాంతో ఊరు రెండు ముక్కలైంది.

"పీనుగుల మీద పెళ్లిళ్లు చేస్తారా? పాతవాళ్లందరూ లేచి పంక్తిలో కూర్చుంటే వడ్డించేది ఎవురు?" అని ఒక వర్గం.

"వాళ్లు తినరు లేవయ్యా, ఆకులు మిగులుతాయి" అని ఇంకో వర్గం.

ఈ గొడవలో నిజంగా నష్టపోయేది ఒక్క మనిషి. చెరువు దగ్గరి పాలెంలో ఉండే మాలకొండమ్మ. గంపలో చేపలు పెట్టుకుని వీధివీధీ తిరిగి, మధ్యాహ్నానికి ఖాళీ గంపతో ఆ చింతచెట్టు కిందికి చేరుతుంది. ఆమె మొగుడు వెంగయ్యను అక్కడే పెట్టారు. రాయి లేదు, గోరీ లేదు, చెట్టే గుర్తు. రోజూ ఒక గంట ఆయన్ని తిట్టి గానీ ఇంటికి పోదు. గోడ ఇవతల నిలబడితే అన్నీ వినబడతాయి. నేనేమీ వినాలని నిలబడను, ఆ వేళకు నా మేక అటువైపే పోతుంది.

"ఏందయ్యో, ఇంకా పండుకోనే ఉండావా? కొర్రమీనుకు ఇయ్యాల గిరాకీ బాగుండాది. నువ్వుంటే ఈపాటికి సగం తాగేసి ఉందువు. బతికినన్నాళ్లూ ఒక్క మాట ఇనలా. ఇప్పుడు ఇను, యాడికి పోతావు?"

ఊరి మీటింగులో ఆమె లేచి ఒకే మాట అంది. "అయ్యా, చింతచెట్టు కొడితే నేను మా ఆయన్ని యాడ ఎతుక్కోవాల?"

"పేరు రాసిన రాయి కూడా లేదు కదమ్మా ఆడ" అన్నాడు రాజమోహన్, మెత్తగానే.

"ఆయనకు చదువు రాదయ్యా. రాయి ఏసినా ఏం చేసుకుంటాడు?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

రెండు మీటింగులు, మూడు అలకలు, ఒక చొక్కా చింపుడు అయ్యాక రాజీ కుదిరింది. హాలుకు పదహారున్నర సెంట్లు తీసుకోవాలి, మిగతా జోలికి పోకూడదు. వినడానికి బాగానే ఉంది. అయితే పదహారున్నర సెంట్లంటే చింతచెట్టు అవతలి దాకా వస్తుంది. మిగిలేది ఒక మూల ముళ్లపొద. తీర్మానం రాయబోతుండగా అప్పటిదాకా బెంచీ పొడుగు కొలుచుకుంటున్న నారాయణయ్య తలెత్తాడు. రాజమోహన్ వెంటబెట్టుకొచ్చిన కాంట్రాక్టరు సురేశ్‌బాబును చూసి, "మీదే ఊరు నాయనా?" అన్నాడు.

"తిరుపతి దగ్గరండీ."

"అట్నా, మంచిది" అని, రాసేవాడి వైపు తిరిగాడు. "సెంట్లేందయ్యా, అరలు, పావులు! నూరు అంకణాలు అని రాయి. గుండుగా ఉంటాది, మన మాటా నిలబడతాది."

ఆయన కొలతల పిచ్చి అందరికీ తెలిసిందే. మా వైపు అంకణంతో చూస్తే రెండు లెక్కలూ ఒకటే కాబట్టి సరేనని అట్లాగే రాశారు. ఆ కాగితం చూసి సురేశ్‌బాబు అక్కడికక్కడే ఎస్టిమేటు ఇచ్చాడు. ఇంత తక్కువలో కడతాడా అని రాజమోహన్ మురిసిపోయి అందరికీ టీ చెప్పాడు. స్థలం కొలిచి మేకులు కొట్టే పని నారాయణయ్యకు అప్పగించారు. ఆయన కొలతకు రెండు వర్గాలూ తిరుగు చెప్పవు.

ఆ సాయంత్రం మాలకొండమ్మ ఆయన అరుగు దగ్గరికి వచ్చింది. నేను అప్పుడే చక్కెర అడగడానికి వాళ్లింటికి పోయి ఉన్నాను. మా ఇంట్లో చక్కెర ఉందనుకోండి, అది వేరే సంగతి.

"అన్నా, నాలుగు అంగలు తగ్గించి కొలువన్నా. చింత ఒక్కటి మిగిలితే చాలు."

నారాయణయ్య ఎర్రబడిపోయాడు. "తప్పు కొలవమంటావా? నన్నా? ముప్పై అయిదేళ్లలో ఒక్క బెత్తెడు దొంగకొలత కొలిచినానా? పో, పో!"

ఆమె వెనక్కి తిరిగి పోయింది. నాకు ఒళ్లు మండింది. "అన్నా, నీ గుండె ఎంత ఉంటాదో ఒకసారి టేపు పెట్టి చూసుకో. అర అంగుళం కూడా ఉండదు" అని చక్కెర కూడా తీసుకోకుండా వచ్చేశాను.

కొలిచే రోజు ఊరంతా శ్మశానంలోనే ఉంది. మాలకొండమ్మ చింతమానుకు వీపు ఆనించి, ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెట్లు కొట్టేవాళ్లు రంపాలతో సహా వచ్చారు. నారాయణయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తీర్మానం కాగితం చేత్తో పట్టుకుని పైకి చదివాడు. "నూరు అంకణాలు." చుట్టూ చూశాడు. "ఎవురి అంకణమో రాయలేదే?"

"ఎవురి అంకణమేంది?" అన్నాడు రాజమోహన్.

"నాయనా సురేశ్‌బాబూ, మీ ఊళ్లో అంకణమంటే ఎంత?"

"ఆరార్ల ముప్పై ఆరండీ."

"ఈ హాలు కట్టేది ఎవురు?"

"నేనే."

"కట్టేవాడి అంకణమే లెక్క" అని నారాయణయ్య టేపు లాగాడు. రోడ్డు పక్క నుంచి మొదలుపెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు మేకులు కొట్టాడు. మొత్తం రాతినేలలోనే సరిపోయింది. మొదటి వేపచెట్టు నీడ కూడా మేకును తాకలేదు.

రాజమోహన్ కేకలు మొదలుపెట్టాడు. "ఇది నెల్లూరు జిల్లా నారాయణయ్యా! మన అంకణం డెబ్బై రెండు!"

"నెల్లూరు అంకణమని కాగితంలో రాసినావా?"

అప్పుడు సురేశ్‌బాబు బుర్ర గోక్కుంటూ ముందుకు వచ్చాడు. "సార్, నేను ఎస్టిమేటు ఇచ్చింది మా అంకణానికే. డెబ్బై రెండంటే రెట్టింపు అవుతుంది మరి."

రెట్టింపు అన్న మాట విన్నాక రాజమోహన్ గొంతు తగ్గింది. కాసేపు మేకుల్ని చూశాడు, కాసేపు కాంట్రాక్టరును చూశాడు. "మూడు వందల మందికి పంక్తి పడతాదా?" అన్నాడు.

"రెండు విడతలుగా పడతాదండీ."

"సరే, కట్టు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రంపాలవాళ్లు బీడీలు వెలిగించుకున్నారు. అంతలో ఆడవాళ్ల గుంపులోంచి ఒక గొంతు లేచింది.

"ఆగండి!"

ప్రసన్నకుమారి. కొంగు నడుముకు దోపుకుని మేకుల మధ్యకు వచ్చి నిలబడింది.

"ముప్పై ఆరు అడుగులది కూడా అంకణమేనా?"

నారాయణయ్య టేపు చుట్టుకుంటున్నాడు.

"నలభై ఏళ్లు మా నాయన్ని సగం మామ అన్నావే! ఇప్పుడు చెప్పు. ముప్పై ఆరు అడుగులది అంకణమా, అంకణం పిల్లా?"

పిల్ల అంటే కొట్టిన మేకులన్నీ పీక్కోవాలి. నారాయణయ్య చింతచెట్టు వైపు ఒకసారి చూశాడు. అక్కడ మాలకొండమ్మ లేచి నిలబడి ఉంది, గంప చేతిలోంచి జారిపోయింది.

"అంకణమే" అన్నాడు.

"మా నాయన ఇల్లు ఎన్ని అంకణాలు?"

టేపు జేబులో పెట్టుకున్నాడు. "నలభై."

"ఇనబళ్లా."

"నలభై! నలభై! నలభై అంకణాలు! చాలా?"

ఊరు ఊరంతా ఈలలు వేసింది. హాలు కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ కలిసి నవ్వడం గొడవ మొదలైన మూడు నెలల్లో అదే మొదటిసారి. ఆ గోలలో మాలకొండమ్మ చెట్టు వైపు వంగి చెప్పడం నాకు వినబడింది. నా మేక ఆ పక్కనే మేస్తోంది మరి. "ఇన్నావా? నువ్వు యాడికీ పోనక్కర్లా. పండుకో."

మర్నాడు ఉండబట్టలేక పోయి అడిగాను. "అన్నా, కాంట్రాక్టరు ఊరు అడిగింది అందుకా? అంకణాల్లో రాయించింది అందుకా? మరి ఆమెను అట్ట కసిరి పంపించినావే?"

"ముందే చెప్తే నీకు తెలుస్తాది" అన్నాడు. "నీకు తెలిస్తే రాజమోహన్‌కు తెలిసేదానికి ఎన్ని నిమిషాలు పడతాదో అది కూడా కొలిచినాను. పదకొండు."

నాకు కోపం వచ్చింది గానీ, పదకొండు నిమిషాలన్నది కొంచెం ఎక్కువే చెప్పాడు.

"నేను తప్పు కొలవలేదు మే" అన్నాడు మళ్లీ, ఎవరో నిందవేసినట్టు. "బెత్తెడు తేడా లేదు. కావాలంటే కొలుచుకో."

ఇప్పుడు హాలు గోడలు లేస్తున్నాయి. మాలకొండమ్మ బుధవారం బుధవారం వాళ్లింటికి ఒక కొర్రమీను తెచ్చి, "జానెడు ఉండాదన్నా" అంటుంది. ఆయన జాన పెట్టి, "జానెడూ రెండు వేళ్లు" అని సరిదిద్దుతాడు. ఆ రెండు వేళ్లు ప్రతిసారీ ఎక్కువే ఉంటాయి, ఎప్పుడూ తక్కువ ఉండవు.

మొన్న చక్కెరకు పోయినప్పుడు గోడ మీద చూశాను. పోస్టుకార్డు పటం లేదు. దాని స్థానంలో కొత్త పటం, బంతిపూల దండ, మామగారి మీసం స్పష్టంగా కనబడుతోంది. ప్రసన్నకుమారి వంటింట్లో ఉంది, నారాయణయ్య పెరట్లో ఉన్నాడు. ఎవరూ చూడకుండా స్టూలెక్కి జాన పెట్టి కొలిచాను.

సరిగ్గా రెండింతలు.