గేరు మారని కారు

నాన్న పుంగనూరులో ఒక షావుకారు దగ్గర డ్రైవరు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక షావుకారు క్లచ్ లేని అమెరికా కారు కొన్నాడు. దాని గేర్లు వాటంతటవే మారతాయి. పాత కార్ల అలవాటుతో నాన్న దాని గేరుపెట్టెలోనూ చిక్కటి నూనె పోశాడు. అప్పటినుంచి కారు మొదటి గేరు దాటలేదు.

"ఆదివారం కుప్పంలో రైలు ఎక్కాల. నీ చేత కాకుంటే వేరే డ్రైవర్ను సూసుకుంటానప్పా," అన్నాడు షావుకారు.

కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నాన్న ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు. మదనపల్లెలో చదువుకున్న నేను దాన్ని చాటుగా చదివాను. నాన్న పనిలో తప్పుందని ఎదురుగా చెప్పలేకపోయాను. "చిక్కటి నూనె తీసేసి, కారుతోపాటు వచ్చి డిక్కీలో ఉన్న డబ్బాలోని పలచటి నూనె పోయాలి" అని తెలుగులో రాసి, ఆయన సద్దిగిన్నె మూత కింద పెట్టాను.

ఆదివారం రాత్రి నాన్న కుప్పం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అమ్మను అడిగాడు.

"ఆ కాగితం ఎవురు రాసినారు?"

"నాకు రాయను యాడ వస్తాది? పిల్లి రాసుంటాది."

"అట్లయితే ఆ పిల్లికి సెప్పు, గేర్లు బాగా మారతాండాయని."

నేను చేతిలోని కథల పుస్తకంలోనుంచి తలెత్తలేదు.