డబ్బా బండికి వేసిన ముద్ర

ఇంజన్ వెనుక రేకు మీద చెక్కి ఉన్న చాసిస్ నంబరు నల్లగా మెరుస్తోంది. ప్రేమ్‌రాజ్ తాకి చూశాడు. వేలికొసకు పెన్సిల్ పొడి అంటింది. పక్కనే టేపు అంటించి పీకిన జిగురు చార. ఎవరో ఆ నంబరు మీద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది, దాని ప్రింటు తీసుకున్నారు. అది ఆయన బండి. ఆయనను ఎవరూ అడగలేదు.

బానెట్ దించి, ఏమీ చూడనట్టు షెడ్డులో ఓ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

రైల్వే సిగ్నల్ శాఖలో ముప్పై రెండేళ్లుగా ఉన్నవాడికి ఇలా అనుమానించడం అలవాటే. పచ్చదీపం వెలిగినంత మాత్రాన దారి ఖాళీగా ఉందని నమ్మకపోవడమే ఆయన ఉద్యోగం. సందేహాన్ని జ్ఞానానికి తొలిమెట్టుగా చెప్పిన తత్త్వవేత్తలు చాలామందే ఉన్నారు. ఆ మెట్టు మీదే ఇల్లు కట్టుకుని కాపురం ఉండేవాళ్ల సంగతి మాత్రం వారు అంతగా పట్టించుకోలేదు. ఫలక్‌నుమా ప్రేమ్‌రాజ్ అలాంటి కాపురస్థుడు. అంగడిలో తూచిన ఉల్లిగడ్డలను ఇంట్లో మళ్లీ తూచేవాడు.

కార్ల మీద ఆయనకున్న మోజు కూడా ఆ అనుమానంలోంచి పుట్టిందే. ఇప్పటి కార్లన్నీ అరిగిన సబ్బుబిళ్లల్లా ఉంటాయని ఆయన ఫిర్యాదు. వంపులో సొట్ట దాక్కుంటుంది. తిన్నని అంచు మీద చిన్న నొక్కు పడినా పదడుగుల దూరం నుంచి తెలిసిపోతుంది. అందుకే ఏరికోరి 1989 నాటి ప్రీమియర్ 118ఎన్ఈ కొన్నాడు. చిన్న అట్టపెట్టెను పెద్ద అట్టపెట్టె మీద నిలబెట్టినట్టుండే కారు. వాడకట్టు మొత్తం దాన్ని డబ్బా అనే పిలుస్తుంది. డాష్‌బోర్డుకు టేకు పట్టీ వేయించాడు. సీట్లకు పాత రైలుపెట్టెల నీలం రెగ్జిన్ తొడిగించాడు. ముందు జాలీని తానే గీసిచ్చిన కొలతలతో చేయించాడు. గొప్ప అందమని చెప్పలేం కాని, ఎక్కడా దొంగపని లేదు.

ఆ పనంతా గౌలిపురలో సొట్టలు తీసే డెంటింగ్ మేస్త్రీ బాలనర్సింహది. తండ్రి బర్రెలు కట్టిన కొట్టమే ఇప్పుడతని షెడ్డు. కుడితి తొట్టిలో గుంటలు పూడ్చే పుట్టీ డబ్బాలుంటాయి. నాలుగేళ్లుగా ఆదివారాలు వాళ్లిద్దరూ అక్కడే కూర్చుని, ఏ మూల ఎంత పదునుగా రావాలో మాట్లాడుకుంటారు. ఇప్పుడు పాత రంగంతా గీకేసి బండిని వట్టి రేకు మీద ఉంచారు.

షెడ్డు చివర టార్పాలిన్ కింద ఇంకో 118 ఉంది. నంబరు ప్లేటు లేదు. పదిరోజుల కిందట అది ఆయనకు వట్టి తుక్కులా కనిపించింది. ఈ రోజు అలా కనిపించలేదు. కాగితాలు లేని బండి మీద కాగితాలున్న బండి నంబరు చెక్కితే, దొంగ బండి అసలు బండై తిరుగుతుంది.

"నర్సింహ, ఆ మూలకున్న బండి ఎవలది?"

"చెప్పిన గదన్నా, స్క్రాపుల తెచ్చిన. నీ డబ్బాకే డోర్లు తీద్దామని."

"కాగితాలున్నయా?"

"తుక్కుకు కాగితాలేందన్నా! పిల్లనిస్తున్నవా ఏంది, ఇంటిపేరు గోత్రం అడుగుతున్నవ్?"

బాలనర్సింహ నవ్వాడు. ప్రేమ్‌రాజ్ ఆ నవ్వు ఎంతసేపు ఉందో గమనించాడు. ప్రింటు సంగతి అడగలేదు. అడిగితే దొంగ జాగ్రత్తపడతాడు. తీసింది ఒక్క ప్రింటేనని, రేపు ఇంకోటి తీయరని మాత్రం ఎవరు చెప్పగలరు?

సిగ్నల్ శాఖలో పెట్టె తెరిచి మూసిన ప్రతిసారీ ఎవరైనా మళ్లీ ముడితే తెలిసిపోయేలా మైనంలాంటి ముద్ద పెట్టి ముద్ర వేస్తారు. కావాలన్నప్పుడు గోటితో గీకితే ఊడిపోతుంది. బాలనర్సింహ చాయ్‌కి వెళ్లగానే, తొట్టిలో అతను కలిపి ఉంచిన బూడిదరంగు పుట్టీ ముద్ద కాస్త తీసి నంబరు మీద మెత్తి, బొటనవేలితో ఒత్తాడు ప్రేమ్‌రాజ్. చేతికి మెత్తగానే తగిలింది. అది రేకుకు పట్టి ఇనుమంత గట్టిపడే రకమని ఆయనకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే బండి తీసుకుపోతానన్నాడు.

"వట్టి రేకు మీదనా? వానొస్తె తుప్పు పడ్తదన్నా!"

"పడనీ. నీ షెడ్డుల ఉండుడు కన్న తుప్పే నయం."

బాలనర్సింహ చేతిలోని సుత్తి కింద పెట్టాడు. తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టాడు. అడ్డు చెప్పకపోవడాన్ని కూడా ప్రేమ్‌రాజ్ సాక్ష్యాల్లోనే జమ చేసుకున్నాడు.

వారం తిరిగాక రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం బండిని రవాణా కార్యాలయానికి తీసుకెళ్లాడు. తనిఖీ అధికారి బానెట్ ఎత్తించి, ముద్దను చూసి, ప్రేమ్‌రాజ్ ముఖం చూశాడు.

"ఇదేంది? నంబరు ఎందుకు మూసిన్రు?"

"దొంగలు ముట్టకుండ, సార్."

"దొంగలే ఇట్ల మూస్తరు."

ఉలి పెట్టి గీకించారు. ముద్దతో పాటు చివరి రెండు అంకెల రూపం కూడా పోయింది. బండి అక్కడే ఉండాలన్నాడు అధికారి. పాత ప్రింటు ఏదైనా తెస్తే పోల్చి చూస్తామని, లేకుంటే నంబరు దిద్దిన బండిగా రాసి పైకి పంపుతామని చెప్పాడు. సాయంత్రం నాలుగింటి వరకు గడువిచ్చాడు.

ఇంట్లో భార్య నీలమ్మ అంతా విన్నది.

"ప్రింటు నర్సింహ దగ్గరున్నదని నువ్వే అంటున్నవ్ గద. పోయి అడుగు."

"దొంగను అడగాల్నా?"

"దొంగైతే ఇయ్యడు. ఇస్తె దొంగ గాదు. గింత దానికి లొల్లి ఎందుకు?"

ముప్పై రెండేళ్ల అనుభవంలో ఇంత సులువైన పరీక్ష ఆయనకు తట్టలేదు.

బాలనర్సింహ వెల్డింగ్ పనిలో ఉన్నాడు. సంగతి వినేసరికి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, గోడకున్న తీగ నుంచి కాగితాల కట్ట తీశాడు. అన్నీ పెన్సిల్ ప్రింట్లే. ఒక్కోదాని మీద తేదీ, పేరు. "ప్రేమన్న డబ్బా" అని రాసిన కాగితం పైనుంచి మూడోది.

"రంగుకు ముందు ప్రైమర్ పడితె అంకెలు నిండిపోతయ్. బండి ఇచ్చెటప్పుడు ఇది ముందల పెట్టుకొని ఒక్కో అంకె గీకి తీస్త. మా ఉస్తాద్ నేర్పిండు."

"నాకు చెప్పలే."

"పని నేర్చిన సంది ప్రతి బండికి చేస్తున్న. గిది గుడ చెప్పాల్నా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక మాట చెప్పి కదలడమే ఆ క్షణంలో పద్ధతని ప్రేమ్‌రాజ్‌కు తెలుసు. ఆయన చేతులు మాత్రం సంచిలోంచి ఆర్సీ తీశాయి. ఒక్కో అంకె మీద వేలు పెట్టి, చివరిదాకా పోల్చాడు.

"కలిసినయా?" అన్నాడు బాలనర్సింహ.

"కలిసినయ్."

"గా మూలకున్నది గుడ చూస్కో. మల్ల నిద్ర పట్టదు నీకు."

అది ఎత్తిపొడుపని ప్రేమ్‌రాజ్‌కు అర్థమైంది. కాని అర్థమయ్యేలోపే కాళ్లు అటు నడిచాయి. టార్పాలిన్ ఎత్తాడు. తుప్పు పట్టిన నంబరును ఎవరూ ముట్టలేదు. నాలుగు తలుపులూ ఊడదీసి ఉన్నాయి.

"రంగు ఇంకోకాడ కొట్టించుకో అన్నా," అన్నాడు వెనక నుంచి బాలనర్సింహ.

జేబులో కాగితం ఉంది. సాయంత్రానికి బండి బయటికొస్తుంది. తప్పయిందని చెప్పాలనుకుని ప్రేమ్‌రాజ్ వెనక్కి తిరిగాడు. అప్పటికే మేస్త్రీ నల్లద్దాలు కళ్ల మీదికి దించుకున్నాడు. నీలిమంట వెలిగింది. ఆ అద్దాల వెనుక కళ్లు రేకును చూస్తున్నాయో, తనను చూస్తున్నాయో తేల్చుకోలేక, ప్రేమ్‌రాజ్ నిలబడి చూస్తూ ఉండిపోయాడు.