మంత్రసానమ్మ బైబిల్లో మా అవ్వ

కాశీకి రైలు టిక్కెట్లు తీద్దామని కూర్చున్న రోజున మా ఇంట్లో ఈ గొడవ మొదలైంది. ప్రయాణం మా అవ్వకీ, చింతామణి తాతకీ. అవ్వ మా నాన్నను కన్నతల్లి. చింతామణి తాత ఆమె పిన్నమ్మ కొడుకు. చింతామణి అనే ఊళ్ళో మేష్టరుగా పనిచేసి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి మా పిల్లకాయలందరికీ ఆయన చింతామణి తాత. ఇద్దరికీ ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. బాగేపల్లి దగ్గర పరగోడులో, వాళ్ళ అమ్మల పుట్టింట్లో ఇద్దరూ ఒకే వారంలో పుట్టారు. అవ్వ నాన్న ఇల్లరికపు అల్లుడు, తాత నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అందుకని పదేళ్ళు వచ్చేదాకా ఇద్దరూ ఆ ఇంట్లోనే పెరిగారు. మగపిల్లవాడే పెద్ద అని ఇంట్లో అందరూ అనేవారు. అవ్వకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఆయన్ను అన్నా అనే పిలుస్తోంది.

ఇద్దరి ఆధార్ కార్డులూ ముందు పెట్టుకుని వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. సంవత్సరం ఒకటే. ఆయన కార్డులో జూన్ ఒకటి, ఆమె కార్డులో జనవరి ఒకటి. ఈ లెక్కన నువ్వే ఐదు నెలలు పెద్దదానివి అవ్వా అన్నాను, నవ్వులాటకు. అనపకాయలు ఒలుస్తున్న అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"మళ్ళీ సెప్పు," అంది.

మళ్ళీ చెప్పి, ఆ తేదీలను నమ్మడానికి లేదని కూడా చెప్పాను. కార్డు చేయించిన రోజు నేను పక్కనే ఉన్నాను. పుట్టిన రోజు తెలియదని అవ్వ అంటే అక్కడి అమ్మాయి జనవరి ఒకటి వేసేసింది. తాతది బళ్ళో రాసిన తేదీ. అవ్వకూ ఇదంతా తెలుసు. అయినా ఆ పొద్దు ఆమె వదల్లేదు.

"అది కాదమ్మణ్ణీ. నిజంగా యెవురు పెద్ద అనేది యాడో ఒక తావ రాసే ఉంటారు గదా. నువ్వు దినామూ పుస్తకాల్లోనే ఉంటావు. రవ్వంత సూడు."

నేను చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిచేస్తాను. పుస్తకాల్లో ఉండటమంటే వాటిని అరల్లో సర్దడమే ఎక్కువ. కానీ అవ్వ ఎప్పుడూ ఏదీ అడగదు. ఈ వయసులో ఇదెందుకని అడిగితే, నాకు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. ఇద్దరికీ ఐదేళ్ళు నిండినప్పుడు ఇంట్లో పెద్దలు, పెద్దవాడు కాబట్టి వాడు ముందు బడికి పోతాడు, నువ్వు వచ్చే ఏడు పోదువులే అన్నారట. వచ్చే ఏటికి చెల్లెలు పుట్టింది, ఉయ్యాల ఊపే పని అవ్వ మీద పడింది. సాయంత్రాలు తాత పలక మీద ఆయన రాసిన అక్షరాలే తానూ దిద్ది, ఆ కాస్త చదువూ నేర్చుకుంది. కోపమేమీ లేదని, అనుమానం ఒక్కటే మిగిలిందని చెప్పి మళ్ళీ కాయలు ఒలుచుకుంది.

ఒక శనివారం సెలవు పెట్టి పరగోడు బడికి పోయాను. పెద్ద మేడమ్ మంచి మనిషి. బీరువా పైన కట్టగట్టి పెట్టిన పాత దాఖలాతి పుస్తకాలు, అంటే బళ్ళో చేరిన పిల్లల పేర్లు రాసేవి, దింపించి, తనే దుమ్ము దులిపి ఇచ్చింది. తాత పేరు దొరికింది. ఆయనతోపాటు ఆ ఏడు చేరిన పిల్లల పేర్లన్నీ ఉన్నాయి. అందరూ జూన్ ఒకటో తేదీనే పుట్టారు. అంతకు ముందేడు చేరినవాళ్ళూ అంతే. ఊరిలో తల్లులందరూ ఒక్కరోజే కన్నారా అని నేను అంటే మేడమ్ పగలబడి నవ్వి, తన తండ్రిదీ జూన్ ఒకటేనని చెప్పింది.

అక్కడి నుంచి బాగేపల్లి తాలూకా ఆఫీసు. అర్జీ పెట్టుకుని, రెండు వారాల తర్వాత మళ్ళీ పోయి రికార్డు గదిలో కూర్చున్నాను. అక్కడి గుమాస్తా రిటైరు కాబోతున్న మనిషి. కర్ణాటక కదా, మొదట కన్నడంలో మాట్లాడి, ఊరి పేరు చెప్పగానే తెలుగులోకి దిగాడు. అప్పటి జనన మరణాల పుస్తకంలో పిల్లల పేర్లు ఉండవు, తండ్రి పేరు, గండు, హెణ్ణు, అంతే ఉంటుందని ముందే చెప్పాడు. గండు అంటే మగ, హెణ్ణు అంటే ఆడ. వేలు పెట్టి ఒక్కో వరసా దిగుతూ ఒక చోట ఆగాడు.

"ఇద్దురూ ఒగే దినం ఉండారు సూడమ్మా."

నిజమే. రెండు వరసలు ఒకదాని కింద ఒకటి, తేదీ ఒకటే. ఆయనే విడమరిచి చెప్పాడు. ఊరి పటేలు ఎప్పుడు తీరిక చిక్కితే అప్పుడు ఊళ్ళోని కాన్పులన్నీ ఒక్కసారిగా రాసేవాడట, రాసిన రోజే పుట్టిన రోజు అయ్యేదట. కావాలంటే కవలలని కాగితం ఇప్పిస్తానని హాస్యమాడాడు. నకలు మాత్రం తీసుకుని వచ్చాను.

ఇక మిగిలింది చింతామణి. పరగోడు ముత్తాత, అంటే వాళ్ళిద్దరి అమ్మలకూ నాన్న, ప్రతి ఏడూ పంచాంగం కొని, దాని అట్ట లోపల ఇంటి సంగతులు రాసుకునేవాడు. ఆ కట్ట తాత దగ్గరుంది. నేను ఎందుకు వచ్చానో వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. లేచి లోపలికి పోయి, వెతుక్కోకుండానే ఆ ఏటి పంచాంగం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ముత్తాత దస్తూరీ గుండ్రంగా, ముద్దుగా ఉంది. ‘ఎర్రావు కోడెదూడను ఈనినది. చిన్నమ్మాయికి మగబిడ్డ. పెద్దమ్మాయికి ఆడబిడ్డ. ఈ వారము వాన లేదు.’

"పైన యెవురుండారు? నేను. కింద యెవురు? మీ అవ్వ," అన్నాడు తాత. "ఇంగేం గావాల?"

వారం, తేదీ ఏమీ లేవు తాతా అంటే, వరస ఉండాది గదా అన్నాడు. ఇంటికొచ్చి ఫోన్లో తీసిన ఫొటో చూపించి చదివాను. అవ్వ అంతా విని ఒక్కటే అడిగింది.

"దూడ గూడా నాకన్నా పెద్దదేనా?"

ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఆ నవ్వులోనే ఆమెకు తన తల్లి చెప్పిన మాట ఒకటి గుర్తొచ్చింది. తన కాన్పు కష్టమైందట. చిక్కబళ్ళాపురం మిషన్ ఆస్పత్రి మంత్రసానమ్మ ఆ వారం బాగేపల్లికి వచ్చి ఉందని తెలిసి, ముత్తాత ఎద్దులబండి పంపించాడట. ఆయమ్మ పని అయ్యాక బైబిలు ఒళ్ళో పెట్టుకుని అందులో ఏదో రాసుకునేదట. ఇన్నాళ్ళూ ఇది ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలేదు గదా అంది అవ్వ.

మంత్రసానమ్మ పేరు అవ్వకు తెలియదు. నేను మా చిక్కబళ్ళాపురం చర్చికి పోయి పాస్టరుగారిని అడిగాను. ఆయన పాత పెళ్ళిళ్ళ పుస్తకం, బాప్తిస్మాల పుస్తకం తీసి, ఆ కాలంలో ఆస్పత్రిలో పనిచేసినవారి పేర్లు వెతికాడు. ఒక పెళ్ళికూతురి తండ్రి సాక్షిగా సంతకం పెట్టిన చోట, పక్కనే తల్లి వృత్తి మంత్రసాని అని రాసి ఉంది. ఆ పెళ్ళికూతురి కూతురు ఇప్పటికీ ఇక్కడే ఉంది, చర్చి వెనక సందులో, రిటైరైన టీచరమ్మ అని చెప్పి పాస్టరుగారు తనే తీసుకుపోయాడు.

టీచరమ్మకు డెబ్బై పైన ఉంటాయి. నా మాట సగంలో ఉండగానే లేచి, పట్టుగుడ్డలో చుట్టిన పెద్ద తెలుగు బైబిలు తెచ్చింది. పాత నిబంధన అయిపోయి కొత్త నిబంధన మొదలయ్యే చోట కుటుంబం వివరాలు రాసుకోవడానికి కొన్ని పేజీలు ఖాళీగా వదిలి ఉన్నాయి. జననాలు, పెళ్ళిళ్ళు, మరణాలు. మంత్రసానమ్మ తన ఇంటివాళ్ళను రెండు పేజీల్లో సర్ది, మిగతా చోటంతా తాను పోసిన పురుళ్ళతో నింపేసింది. చోటు చాలక అట్ట లోపలికీ, అంచుల్లోకీ పోయింది. పైన ఏడు, దాని కింద ఊరి పేరు, వారం, వేళ, బిడ్డ ఎట్లా వచ్చిందీ. సన్నటి అక్షరాలు, ఇంకు గోధుమరంగుకు తిరిగింది. పరగోడు దొరకడానికి ఇద్దరికీ మధ్యాహ్నమంతా పట్టింది.

‘పరగోడు. మంగళవారము కోడి కూసే వేళ. రైతు పెద్దకూతురికి ఆడబిడ్డ. ఎదురుకాళ్ళు. ఏడవలేదు. వీపు తట్టితిని, ఏడ్చినది. తల్లీబిడ్డ క్షేమము. గురువారము మధ్యాహ్నము చిన్నకూతురికి మగబిడ్డ. సులువు. నాకు పడక పశువుల కొట్టములో. నా ప్రభువు పుట్టినదీ ఇట్టి చోటనే. పొద్దున ఇంటి పెద్దామె చెంబుతో పాలు తెచ్చినది.’

నేను చదవడం ఆపేశాను. ఏడవలేదు అన్న మాట దగ్గరికి వెనక్కి పోయి దాని కింద వేలు పెట్టాను. ఆ చెయ్యి ఆ వీపు తట్టకపోతే నేను లేను, మా నాన్న లేడు. టీచరమ్మ నా ముఖం చూసి కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

మరుసటి ఆదివారం అవ్వను వెంటబెట్టుకుని చింతామణి బస్సెక్కాను. శిడ్లఘట్ట దాటేదాకా ఆమె మూడుసార్లు ఆ వరస చదివించుకుంది. తాత తలుపు తీయడమే నడుం పట్టుకుని తీశాడు. వారం నుంచి పట్టేసిందట, వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. మెల్లగా కూర్చోబెట్టి ఫొటో పెద్దది చేసి చేతికిచ్చాను. ఆయన మేష్టరు కదా, ఒక్కో మాట కూడబలుక్కుంటూ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మంగళవారం దగ్గర ఆగాడు, గురువారం దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అవ్వ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నాకు భయమేసింది. ఎనభై ఏళ్ళ పెద్దరికాన్ని ఇట్లా లాగేయడానికి నేనెవరిని అనిపించింది.

తాత ఫోను పక్కన పెట్టి అవ్వ వైపు తిరిగాడు.

"నువ్వు ఎదురుకాళ్ళ దానివని నాకు ఇంతవరకూ ఒగురూ సెప్పలేదే."

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కాలితో తంతే పట్టేసిన నడుం వదిలేస్తుందని మా వైపు గట్టి నమ్మకం. ఆయన కోడలితో చాప వేయించుకుని, మూలుగుతూ బోర్లా పడుకున్నాడు. తన్ను అన్నాడు. అవ్వ చేతులు అడ్డం ఊపేసింది.

"అన్నను తంతే పాపమప్పా. నాతో గాదు."

"అన్న యాడుండాడు? పుస్తకంలో తమ్ముడే గదా ఉండేది. తన్నక్కా."

ఆ మాట విని అవ్వ నా వైపు చూసింది. ఆయన కోడలు అప్పటికే నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. అవ్వ కాలు కడుక్కొచ్చి మరీ, నా భుజం పట్టుకుని, ఆయన నడుం మీద మూడుసార్లు తాకించింది. మొదటిది ఆకు మీద అడుగేసినట్టు వేసింది. మూడోది మాత్రం కాస్త గట్టిగానే పడింది. తాత లేచి నిలబడి, అటూ ఇటూ తిరిగి, వదిలింది అన్నాడు. పొద్దున్నే తాను రాసిన మందు పనిచేసిందని కోడలు నా చెవిలో చెప్పింది. ఎవరి నమ్మకం వాళ్ళది.

బయల్దేరేటప్పుడు ఆయన గడప దాకా వచ్చి అవ్వ చెయ్యి పట్టుకున్నాడు. బడికి ముందు నువ్వే పోవాల్సింది గదా అన్నాడు, నవ్వకుండా.

"నేను పోయింటే నీకు పలక యెవురు తుడిసిచ్చేది?" అంది అవ్వ.

తర్వాత అవ్వ ఆ బైబిలు చూడాలంది. టీచరమ్మ ఇంట్లో ఇద్దరూ కాసేపు చుట్టాల్లాగా కూర్చున్నారు. అవ్వ ఆ వరస మీద అరచెయ్యి ఆనించి, ఆయమ్మను మావాళ్ళు ఇంట్లోకి పిలిచి ఉండాల్సింది అంది. టీచరమ్మ, మీరు వచ్చినారు గదమ్మా, ఇంకో రెండు వడలు వేసుకోండి అంది. అవ్వ వేసుకుంది.

ఆ పేజీలన్నీ ఎత్తి రాయమని టీచరమ్మే అడిగింది. శనివారాలు మధ్యాహ్నం పోయి ఆమె చదువుతుంటే నేను ఊళ్ళవారీగా రాస్తున్నాను. ఆ నోటా ఈ నోటా సంగతి పాకింది. నిన్న దిబ్బూరహళ్ళి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ పుట్టిన ఊరి పేరు, పుట్టిన ఏడు చెప్పాడు. వెతికి చదివి వినిపించాను. ‘ఆదివారము దీపాలు పెట్టే వేళ. ఆడబిడ్డ, బలముగా ఉన్నది. తల్లికి రాగిగంజి ఇచ్చితిమి.’ ఆయన, ఇంకొక్కసారి చదవండమ్మా, స్పీకర్లో పెడతాను, మా అమ్మ పక్కనే ఉండాది అన్నాడు. ఈసారి ఇంకాస్త నిదానంగా, గట్టిగా చదివాను.